దాహం వేయని చలికాలంలో నీళ్ళు ఎప్పుడు, ఎన్ని తాగాలి?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరుకు దగ్గరి ఊరు. దీపావళి దాటిందంటే మా ఇంట్లో నీళ్ళ బిందె ఖాళీ కావడం మానేస్తుంది. మా అత్తమ్మకు 68 ఏళ్ళు. బీపీకి రోజూ గోళీ వేసుకుంటుంది; మోకాళ్ళు నొప్పి పుట్టిన రోజుల్లో మందుల షాపు నుంచి నొప్పి గోళీలు తెప్పించుకుంటుంది. సాయంత్రం నాలుగు దాటితే గుక్కెడు నీళ్ళు ముట్టదు. "దాహమే లేనప్పుడు ఎందుకు తాగాలి? తాగితే రాత్రి నాలుగుసార్లు లేవాలి, ఆ చలిలో దొడ్డి చివరిదాకా ఎవరు పోతారు?" అంటుంది. తాగకపోయినా రాత్రి రెండుసార్లు లేస్తూనే ఉంది. ఈ మధ్య మలబద్ధకం, పిక్కలు పట్టేయడం, పొద్దున లేవగానే తల తిరగడం మొదలయ్యాయి. మా ఆయనకు 41 ఏళ్ళు, పత్తి వ్యవసాయం. పోయిన జనవరిలో కిడ్నీలో రాయితో విలవిల్లాడాడు, అయినా చాయ్ తప్ప నీళ్ళు తాగడు. పిల్లలు బడికి తీసుకెళ్ళిన సీసాను నిండుగానే తిరిగి తెస్తున్నారు. చలికాలంలో ఎవరు ఎన్ని నీళ్ళు తాగాలి? చాయ్ లెక్కలోకి వస్తుందా? వేడినీళ్ళే తాగాలా? అత్తమ్మను బలవంతపెట్టడం తప్పా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివినప్పటి నుంచి "దొడ్డి చివరిదాకా ఎవరు పోతారు?" అన్న మీ అత్తమ్మగారి మాటే నా మనసులో మెదులుతోంది. ఆమెది మొండితనమని అనుకోకండి. గ్లాసు నీళ్ళు తాగితే దానికి బదులుగా అర్ధరాత్రి దుప్పటి తీసి, తలుపు గడియ తీసి, చీకట్లో, మంచులో, నొప్పి పెట్టే మోకాళ్ళతో వాకిలి దాటి వెళ్ళవలసి వస్తుందని ఆమెకు తెలుసు. ఆ కష్టాన్ని తప్పించుకునే దారి ఆమె తన అనుభవంతో తానే కనిపెట్టుకున్నారు. ఆ రాత్రి నడక సంగతి తేల్చకుండా "నీళ్ళు తాగండి, తాగండి" అని మనం ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినరు, వినకపోవడంలో న్యాయమూ ఉంది. అయితే ఆమె లెక్కలో ఒక పొరపాటు ఉంది, అది మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. నాలుగింటికే నీళ్ళు మానేసినా రాత్రి రెండుసార్లు లేవవలసి వస్తోందంటే, ఆ మూత్రానికి సాయంత్రం తాగే నీళ్ళు ముఖ్య కారణం కావన్నమాట.

చాలా ఏళ్ళ క్రితం నేను అడవి ప్రాంతపు ఆస్పత్రి ఒకదానిలో పనిచేస్తున్నప్పుడు, జనవరి నెలలో ఒక తెల్లవారుజామున డెబ్బై ఏళ్ళ తల్లిని మంచం మీదనే మోసుకొని తెచ్చారు. దొడ్డి నుంచి తిరిగి వస్తూ గడప దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది, తుంటి ఎముక విరిగింది. సెలైన్ పెట్టడానికి నరం దొరకక నర్సు రెండు చేతులూ వెతికింది. నాలుక చూపమంటే అది అంగిలికి అంటుకుపోయి సరిగా బయటికి రాలేదు. ముందురోజు మధ్యాహ్నం అన్నంతో తాగిన నీళ్ళే ఆఖరు అని కూతురు చెప్పింది. రాత్రి లేవవలసి వస్తుందనే భయంతోనే ఆమె నీళ్ళు మానేసింది, రాత్రి లేచే పడింది. మీ అత్తమ్మగారికి పొద్దున లేవగానే తల తిరుగుతోందన్న వాక్యం చదవగానే నాకు ఆ మంచమే గుర్తుకొచ్చింది. అందుకే ఈ సమాధానం కొంత పొడవుగా రాస్తున్నాను.

ముందుగా దాహం సంగతి. చలి ఒంటికి తగలగానే చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. వేళ్ళు చల్లబడి పాలిపోయేది అందుకే. అక్కడ తిరగవలసిన రక్తం ఛాతీ, పొట్ట భాగాలకు చేరి గుండె దగ్గరి పెద్ద నాళాలు నిండుగా ఉండేసరికి, ఒంట్లో నీరు సరిపడా ఉందని, ఇంకా చెప్పాలంటే కొంచెం ఎక్కువే ఉందని శరీరం పొరబడుతుంది. దాంతో ఒకవైపు దాహం మందగిస్తుంది, మరోవైపు నీటిని నిలిపి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే వాసోప్రెసిన్ అనే హార్మోను తగ్గి మూత్రం ఎక్కువగా తయారవుతుంది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యవంతులైన యువకులను 4 డిగ్రీల చలిలో ఉంచి చూసినప్పుడు, ఒంట్లో నీరు తగ్గి ఉన్నవారికి సైతం దాహం 40 శాతం వరకు తక్కువగా అనిపించింది. పడుచువారి సంగతే అలా ఉంటే, వయసుతో దాహం తెలిపే శక్తి, మూత్రాన్ని చిక్కబరిచే మూత్రపిండాల శక్తి రెండూ సహజంగానే తగ్గిన 68 ఏళ్ళ మనిషికి దాహం వేయలేదంటే దాన్ని నమ్మి కూర్చోలేము. ఎక్కువసార్లు మూత్రానికి వెళుతున్నారు కాబట్టి నీళ్ళు బాగానే తాగుతున్నారని అనుకోవడమూ ఇదే పొరపాటులో రెండో సగం. చలికి వచ్చే ఆ మూత్రం తాగిన నీటిలో మిగులు అయి ఉండనక్కర్లేదు, ఒంట్లో ఉండవలసిన నీరే అలా బయటికి పోతూ ఉండవచ్చు.

నీరు మూత్రంలోనే పోదు. సిర్పూర్ (యు), గిన్నెధరి వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మాట్లాడితే నోటి నుంచి పొగ వస్తుంది కదా, ఆ పొగ మన ఒంట్లోని నీరే. ఒక ఘనమీటరు గాలి 8 డిగ్రీల చలిలో గరిష్ఠంగా 8 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టుకోగలదు. అదే గాలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి 37 డిగ్రీలకు వేడెక్కితే 44 గ్రాములు పట్టుకుంటుంది. ఆ తేడాను ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల తడి పూడుస్తుంది. వదిలే ఊపిరిలో కొంత తడిని ముక్కు తిరిగి అందుకుంటుంది గానీ, రోజంతా కలిపితే పావు లీటరు నుంచి అర లీటరు వరకు శ్వాసతోనే పోతుంది. వేసవిలో చొక్కా తడుస్తుంది కాబట్టి నీరు పోతున్న సంగతి కంటికి తెలుస్తుంది. చలికాలంలో స్వెటరు కింద పట్టిన చెమట కూడా తెలియకుండానే ఆరిపోతుంది. రాత్రి నెగడు పక్కన గంటల తరబడి కూర్చున్నప్పుడు పెదవులు, చర్మం పగిలేంతగా ఎండిపోవడం మీరూ చూసే ఉంటారు.

ఇక ఎన్ని నీళ్ళు? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు ఆరోగ్యంగా ఉన్నవారికి రోజుకు సుమారు 8 గ్లాసులు, అంటే 2 లీటర్ల నీళ్ళు చెబుతున్నాయి. వయసు మళ్ళినవారి విషయంలో యూరప్‌లోని పోషకాహార వైద్యుల సంఘం ఎస్పెన్ ఇంకొంచెం వివరంగా, స్త్రీలు కనీసం 1.6 లీటర్లు, పురుషులు కనీసం 2 లీటర్లు పానీయాల రూపంలో తీసుకోవాలని సూచించింది. నీళ్ళు, పాలు, చాయ్, మజ్జిగ, జావ, చారు అన్నీ ఈ పానీయాల్లోకి వస్తాయి. కాబట్టి మీ అత్తమ్మగారి ముందు రెండు లీటర్ల సీసా పెట్టి భయపెట్టవద్దు. ఒక లీటరు సీసాతో నీళ్ళు కొలిచి ఆమె రోజూ వాడే గ్లాసులో పోసి చూడండి. అది 200 మిల్లీలీటర్ల గ్లాసైతే మొత్తం 8 గ్లాసుల లెక్క, అందులో రెండింటి చోటును చాయ్, ఒకదాని చోటును మజ్జిగ ఆక్రమిస్తాయి. మిగిలిన ఐదు గ్లాసుల నీళ్ళకు రోజులో చోటు వెతికితే చాలు.

ఆమె పెట్టుకున్న నియమాన్ని పూర్తిగా రద్దు చేయకండి. అందులోని నాలుగు గంటలను ఆరు గంటలుగా మార్చి, నీళ్ళను రోజు మొదటి సగంలోకి జరపండి. పొద్దున మంచం దిగకముందే, కూర్చున్న చోటనే ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు ఇవ్వండి. రాత్రంతా తగ్గిన నీటిని పూడ్చేది అదే, లేచి నిలబడగానే తల తిరగడాన్ని తగ్గించేదీ అదే. తర్వాత చాయ్. పది గంటలకు ఎండ వాకిట్లోకి వచ్చినప్పుడు, ఆమె ఎండలో కూర్చునే చోటుకే ఒక గ్లాసు అందించండి. అడిగితే వద్దంటారు, చేతిలో పెడితే తాగుతారు, పెద్దవాళ్ళ విషయంలో ఇది నేను వందసార్లు చూశాను. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక గ్లాసు, భోజనంతో పల్చటి మజ్జిగ, మూడింటికి మరో గ్లాసు, నాలుగున్నరకు చాయ్, ఐదున్నరకు ఆఖరు గ్లాసు. రాత్రి భోజనంతో సగం గ్లాసు చాలు. ఇలా చేస్తే ఆరు లోపే లీటరున్నర లోపలికి వెళుతుంది, పడుకోవడానికి ముందు రెండు మూడు గంటల విరామం ఆమె కోరుకున్నట్టే దొరుకుతుంది. అలవాటు లేని ఒంటికి ఒక్కసారిగా ఇంత పట్టదు. మొదటి వారం రోజుకు ఒక గ్లాసు పెంచి, కుదిరాక ఇంకొకటి పెంచండి.

తిండిని కూడా ఈ లెక్కలోకి తెచ్చుకోండి. జొన్న రొట్టె, వేపుడు కూర, పచ్చడి ఉన్న పళ్ళెంలో నీరు చాలా తక్కువ. అదే రొట్టె పక్కన పల్చటి పప్పు, మిరియాల చారు, సొరకాయ కూర ఉంటే, లేదా పొద్దున జొన్న గట్కలో మజ్జిగ కలిపి ఇస్తే, నీళ్ళు తాగిస్తున్నామని చెప్పకుండానే ఒక గ్లాసు నీరు అదనంగా వెళుతుంది, మలబద్ధకమూ సర్దుకుంటుంది. నాగపూర్ సంత్రాలు మీ వైపు చలికాలమంతా దొరుకుతాయి; ఆ పండులో 85 శాతానికి పైగా నీరే. షుగరు లేకపోతే మధ్యాహ్నం ఒక సంత్రా ఒలిచి ఇవ్వండి.

ఇప్పుడు రాత్రి సంగతి. మనం పగలంతా నిలబడి, కూర్చొని ఉన్నప్పుడు కాళ్ళలోకి దిగిన నీరు, పడుకోగానే తిరిగి రక్తంలోకి చేరి మూత్రంగా బయటికి వస్తుంది. వయసు మళ్ళినవారు రాత్రిళ్ళు లేవడానికి ఇది పెద్ద కారణం. సాయంత్రం చీకటి పడకముందే ఒక గంటసేపు కాళ్ళ కింద దిండు పెట్టుకొని నడుము వాల్చమనండి; ఆ నీరు పడుకోబోయే ముందే బయటికి పోతుంది. బీపీ మాత్ర ఏ పూట వేసుకుంటున్నారో చూడండి. చాలామందికి ఇచ్చే బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్ వంటి నీరు తీసే మందు కలిసి ఉంటుంది. సాయంత్రం వేసుకుంటే అది రాత్రంతా లేపుతుంది. అలా ఉంటే పొద్దున పూటకు మార్చవచ్చేమో మీ డాక్టరును అడగండి, మీరుగా మార్చవద్దు. ఊలు మేజోళ్ళు, వెచ్చని పక్క కూడా మందుతో సమానమే, చలికి వచ్చే మూత్రం వాటితో కొంత తగ్గుతుంది. వీటన్నిటికంటే ముఖ్యంగా, చలికాలం మూడు నెలలైనా ఆమెను రాత్రిపూట దొడ్డి చివరికి పంపకండి. మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీలు ఇప్పుడు పట్టణంలోని మందుల షాపుల్లో దొరుకుతున్నాయి. అది కుదరకపోతే గదిలో ఒక మూలకు తెర కట్టి మూత ఉన్న బకెట్టు పెట్టినా సరిపోతుంది. మొదట్లో ఆమె సిగ్గుపడతారు, ఇంట్లోనా అని ముఖం చిట్లిస్తారు. ఆ మాట మగవాళ్ళ ముందు ఎత్తకుండా మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పండి, పొద్దున్నే మీరే తీసి కడుగుతారని చెప్పండి. ఆ ఒక్క ఏర్పాటు జరిగితే నీళ్ళ విషయంలో ఆమె భయం సగానికి సగం పోతుందని నా నమ్మకం. లేచేటప్పుడు మాత్రం ఒక నిమిషం మంచం అంచున కూర్చొని, కాళ్ళు ఆడించి, ఆ తర్వాతే నిలబడాలి. గదిలో చిన్న లైటు వెలుగుతూ ఉండాలి.

మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన మోకాళ్ళ నొప్పి గోళీల గురించి నేను గట్టిగా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. టెల్మిసార్టన్ వంటి బీపీ మందులు మూత్రపిండాల్లోని వడపోత ఒత్తిడిని తగ్గిస్తాయి. నీరు తీసే మందు ఒంట్లోని నీటిని తగ్గిస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వేసుకున్నా, నీళ్ళు సరిగా తాగే మనిషి మూత్రపిండాలు సాధారణంగా తట్టుకుంటాయి. మూడూ కలిసి, వాటి మీద నీళ్ళు తాగకపోవడమూ చేరితే, కొద్ది రోజుల్లోనే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది, అదీ నొప్పి గానీ జ్వరం గానీ లేకుండా. మీ అత్తమ్మగారి విషయంలో ఇవన్నీ ఒకచోట చేరి ఉండవచ్చు. కాబట్టి షాపు నుంచి తెచ్చుకునే నొప్పి మాత్రలను వెంటనే ఆపించండి. డాక్టరును కలిసే దాకా మోకాళ్ళకు వేడి కాపడం, పైపూత మందుతో సరిపెట్టండి, తప్పనిసరైతే పారాసిటమాల్ మాత్ర ఎన్ని, ఎంత మోతాదు అన్నది డాక్టరునే అడగండి. బీపీ మాత్రను మాత్రం ఆపవద్దు. చలికాలంలో బీపీ మామూలుగానే పెరుగుతుంది, దాన్ని ఆపడం మరో ప్రమాదం.

మీవారి విషయానికి వస్తే నియమం తలకిందులవుతుంది. రాయి జనవరిలో బాధపెట్టినా, అది తయారు కావడం అంతకు చాలా ముందే మొదలై ఉంటుంది. చిక్కటి మూత్రంలో లవణాలు కరగక పేరుకొని గడ్డకట్టినవే రాళ్ళు. ఇటలీలోని పార్మాలో, మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని ఐదేళ్ళు గమనించి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 2 లీటర్లకు పైగా మూత్రం వచ్చేలా నీళ్ళు తాగినవారిలో 12 శాతం మందికి, అలా తాగనివారిలో 27 శాతం మందికి మళ్ళీ రాయి వచ్చింది. ఇప్పుడు అమెరికా యూరాలజీ వైద్యుల సంఘం రాళ్ళు వచ్చినవారికి రోజుకు కనీసం 2.5 లీటర్ల మూత్రం రావాలని చెబుతోంది. అందుకు ఆయన సుమారు 3 లీటర్లు తాగవలసి ఉంటుంది. మీ అత్తమ్మగారు సాయంత్రం ఆరుకు ఆపితే, ఆయన పడుకునే ముందు కూడా ఒక గ్లాసు తాగాలి, రాత్రి ఒకసారి లేవడం ఆయనకు మంచిదే, ఎందుకంటే మూత్రం అన్నిటికంటే చిక్కబడేది నిద్రలోనే. నిమ్మరసం పిండిన నీళ్ళలోని సిట్రేట్ రాళ్ళు కట్టకుండా కొంత అడ్డుపడుతుంది, అందులో ఉప్పు మాత్రం వేయవద్దు. ఉప్పు, పచ్చళ్ళు తగ్గించాలి. పాలు, పెరుగు మానితే రాళ్ళు రావన్న మాట పల్లెల్లో బాగా పాతుకుపోయింది, అది తప్పు. భోజనంతో తీసుకున్న కాల్షియం, రాళ్ళు కట్టే ఆక్సలేటు అనే పదార్థాన్ని పేగుల్లోనే పట్టి ఉంచుతుంది కాబట్టి పెరుగన్నం ఆయనకు మేలే చేస్తుంది.

ఇక చాయ్. చాయ్‌లో ఉన్నది ఎక్కువ భాగం నీరే. అలవాటుగా తాగేవారిలో మితమైన చాయ్ ఒంట్లో నీరు తగ్గించదు, కాబట్టి లెక్కలోకి వస్తుంది. అయితే పత్తి మార్కెట్ యార్డులో బండి వరుసలో నిలబడి ఆయన తాగే చాయ్ గ్లాసు 100 మిల్లీలీటర్లు కూడా ఉండదు. అలాంటివి ఆరు తాగినా అర లీటరు దాటడం కష్టం, చక్కెర మాత్రం చాలా ఎక్కువైపోతుంది. పైగా చాయ్‌లో ఆక్సలేటు ఉంటుంది, రాళ్ళు ఎక్కువగా కట్టేది కాల్షియం ఆక్సలేటుతోనే. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటవద్దని, భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ తాగవద్దని చెబుతున్నాయి. వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రోజుకు మూడు చాయ్‌లకు కుదించి, ప్రతి చాయ్‌కి ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగే అలవాటు చేసుకోమనండి. బండిలో రెండు లీటర్ల సీసా ఉంచి, మధ్యాహ్నానికి ఒకసారి, ఇంటికి చేరేలోపు మరోసారి దాన్ని చూసుకుంటే ఎంత తాగాడో ఆయనకే తెలుస్తుంది.

వేడినీళ్ళే తాగాలన్న నియమమేమీ లేదు. చల్లనీళ్ళతో జలుబు చేయదు, జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. కానీ చలికాలపు పొద్దున బిందెలోని నీళ్ళు పళ్ళు జివ్వుమనిపిస్తాయి, అవి చూస్తేనే తాగబుద్ధి కాదు. అదే నీళ్ళు గోరువెచ్చగా ఉంటే నాలుగు గుక్కలు ఎక్కువ దిగుతాయి. పొద్దున పొయ్యి వెలిగించినప్పుడే నీళ్ళు కాచి లీటరు స్టీలు ఫ్లాస్కులో పోసి ఆమె చేతికి అందేలా పెట్టండి. నాలుగు ధనియాల గింజలో, చిన్న శొంఠి ముక్కో వేసినా మంచిదే, రుచి కోసం. నీళ్ళయినా చాయ్ అయినా పొగలు కక్కుతుండగానే తాగే అలవాటు ఉంటే మాన్పించండి. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలకు అన్నవాహిక క్యాన్సరుతో సంబంధం ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో ప్రకటించింది.

పిల్లల సీసా నిండుగా ఎందుకు వస్తోందో కోప్పడకుండా అడగండి. బడిలో మరుగుదొడ్డి బాగా లేకపోవడమో, దానికి వెళతామని అడగడానికి సిగ్గో చాలాసార్లు కారణమవుతుంది, ఆడపిల్లల్లో మరీ ఎక్కువ. పత్తి ఏరే ఆడవాళ్ళు చేనులో చాటు దొరకదని పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా పనిచేయడం మీరు చూస్తూనే ఉంటారు. అదే అలవాటు బడి నుంచే మొదలవుతుంది, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు దాని వెంటే వస్తాయి. కేరళలోని బడుల్లో 2019లో పిల్లలు నీళ్ళు తాగడానికే ప్రత్యేకంగా గంట కొట్టే పద్ధతి మొదలుపెట్టారు. మీ బడి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడితే, ముందు మరుగుదొడ్డి సంగతి, ఆ తర్వాత గంట సంగతి అడగండి. ఈలోగా బడికి వెళ్ళేముందు ఒక గ్లాసు, రాగానే ఒక గ్లాసు మీ ఎదుటే తాగించండి.

నీళ్ళు మంచివని అతిగా తాగించడం కూడా ప్రమాదమే, ఇది మీరు తప్పక గుర్తుంచుకోవాలి. గుండె బలహీనపడినవారికి, మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి, డయాలిసిస్ మీద ఉన్నవారికి నీళ్ళు ఎన్ని తాగాలో డాక్టరే కొలిచి చెప్పాలి, పైన రాసిన లెక్కలు వారికి వర్తించవు. మీ అత్తమ్మగారికి పాదాల వాపు గానీ, పడుకుంటే ఆయాసం గానీ ఉంటే నీళ్ళు పెంచే ముందే డాక్టరుకు చూపించండి. నీరు తీసే బీపీ మందు వాడే వృద్ధ స్త్రీలలో ఒకేసారి లీటర్ల కొద్దీ నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తికమక, వికారం, మత్తు రావచ్చు. అందుకే రోజంతా గ్లాసు చొప్పున అన్నాను. విరేచనాలు, వాంతులు లేనప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రోజూ కలిపి ఇవ్వనక్కర్లేదు; వాటిలోని ఉప్పు బీపీ ఉన్నవారికి మంచిది కాదు. పొద్దుటి మొదటి మూత్రం ఎవరికైనా ముదురుగానే ఉంటుంది. పగటి మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే మీవారికీ పిల్లలకూ నీళ్ళు సరిపోతున్నట్టే, కానీ వయసు మళ్ళినవారిలో రంగును మాత్రమే నమ్మి ఉండకూడదు. మాట తడబడడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, సగం రోజు గడిచినా మూత్రం రాకపోవడం, నిలబడగానే పడిపోవడం వంటివి కనిపిస్తే ఇంటి వైద్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

బలవంతం గురించి అడిగారు. బలవంతం వద్దు, పని కూడా చేయదు. రేపటి నుంచి మూడు రోజులపాటు ఒక కాగితం మీద ఆమె ఏ వేళకు ఎన్ని గ్లాసులు తాగారో, రాత్రి ఎన్ని గంటలకు లేచారో రాసి ఉంచండి. వీలైతే రాత్రి మూత్రాన్ని బకెట్టులోనే కొలవండి. ఆ కాగితం, బీపీ మాత్రల అట్ట, నొప్పి మాత్రల అట్ట మూడూ పట్టుకొని ఈ వారంలోనే దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి ఆమెను తీసుకెళ్ళండి. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూడమని, రక్తంలో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, షుగరు పరీక్షలు, మూత్ర పరీక్ష చేయించమని అడగండి. రాత్రి లేవడానికి షుగరు గానీ ఇన్‌ఫెక్షన్ గానీ కారణమైతే అక్కడే తెలిసిపోతుంది. పొద్దున్నే బయలుదేరితే, ఆమె తాగవలసిన రెండో గ్లాసు నీళ్ళు ఫ్లాస్కులో పోసుకొని వెళ్ళడం మరచిపోకండి.